బంద్ చేసి చాలు చేసే ముందు... పది నిమిషాలు ఆగండి!

ఇంట్లో వైఫై పెట్టె మొరాయిస్తే మనం మొదట చేసే పనేమిటి? ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్లీ పెడతాం. సెట్‌టాప్ బాక్స్ బిగుసుకుపోయినా అంతే. సెల్‌ఫోన్ కదలకుండా మొండికేసినా అంతే. చాలాసార్లు పని జరిగిపోతుంది కూడా. ఇంటి వరకు అందులో తప్పేమీ లేదు. సినిమా ఆగిపోతే ఆగిపోయింది, మళ్లీ పెట్టుకుంటాం.

అదే మందు ఆసుపత్రి ఇంటర్‌కమ్‌కో, ఫ్యాక్టరీ ఎక్స్ఛేంజీకో వేస్తే మాత్రం కథ వేరు. ఫోన్లు తిరిగి మోగుతాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఎందుకు ఆగిపోయిందో చెప్పగలిగిన సమాచారం ఆ స్విచ్చు నొక్కిన క్షణంలోనే తుడిచిపెట్టుకుపోతుంది. వారం తర్వాత అదే జబ్బు మళ్లీ వస్తుంది. మళ్లీ స్విచ్చు నొక్కుతారు.

నేను ఇరవై రెండేళ్లుగా రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఎక్స్ఛేంజీ అంటే ఊరంతటికీ ఉండే పెద్దది కాదు. ఒక సంస్థ లోపల యాభై, వంద, అయిదొందల ఫోన్లను కలిపే పెట్టె. ఈ ప్రాంతంలో ఏ పెట్టె పాడైనా జనం మూడే కారణాలు చెబుతారు. బొగ్గు దుమ్ము, ఎండ, పిడుగు. మూడూ నిజమే. బొగ్గు పొడి కార్డుల మీద పేరుకుంటే కరెంటు పోకూడని చోటికి పోతుంది. మే నెలలో రామగుండం ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు మామూలే. కానీ నేను చూసిన మొండి జబ్బుల్లో చాలావాటికి ఈ మూడింటితో సంబంధం లేదు. అవి బయటపడింది ఒకే ఒక్క పద్ధతిలో. ఆగిపోయిన యంత్రాన్ని ముట్టుకోకుండా, దాని లోపల ఆ క్షణంలో ఏముందో రాసుకుని రావడం. మా భాషలో దాన్నే ట్రేస్ తీయడం, మెమరీ డంప్ తీయడం అంటాం.

బొగ్గు బెల్టులో ఫోనంటే...

బయటివాళ్లకు ఫోన్ అంటే జేబులో ఉండే సెల్లే. బాయిలోకి దిగేవాళ్లకు అది కుదరదు. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె ఎలా తీసుకుపోనివ్వరో మామూలు సెల్‌ఫోన్ కూడా అలాగే తీసుకుపోనివ్వరు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరుతూ ఉంటుంది. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. ఆ రవ్వ ఫోన్ బ్యాటరీలోంచి కూడా రావచ్చు.

ఈ పాఠం ప్రపంచానికి చాలా ఖరీదుగా వచ్చింది. 1913 అక్టోబరు 14న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో సెంఘెనిడ్ గని పేలి 439 మంది కార్మికులు, కాపాడటానికి దిగిన ఒకరు చనిపోయారు. గనిలో సంకేతాల కోసం వాడే ఎలక్ట్రిక్ గంట తీగల నుంచి వచ్చిన రవ్వ కూడా కారణం కావచ్చని విచారణలో అనుమానించారు. చిన్న బ్యాటరీతో మోగే గంట ఏం చేస్తుందిలే అని అప్పటిదాకా అనుకునేవారు. ఆ తర్వాతి ఏళ్లలో వీలర్, థార్న్‌టన్ అనే శాస్త్రవేత్తలు ఎంత కరెంటు రవ్వకు వాయువు అంటుకుంటుందో ప్రయోగాలు చేసి చూపించారు. తీగ తెగినా, షార్ట్ అయినా వాయువును అంటించలేనంత తక్కువ శక్తితోనే పరికరం పనిచేయాలన్న సూత్రం అక్కడి నుంచే పుట్టింది. ఇవాళ మన దేశంలో గ్యాసు ఉండే గనుల్లో పెట్టే ఫోన్లు కూడా ఆ సూత్రం మీద తయారైనవే. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఆమోదం వాటికి తప్పనిసరి.

కాబట్టి కింద ఉన్న ఫోనుకీ, పైన ఉన్న ఎక్స్ఛేంజీకీ మధ్య తీగే ఆధారం. హాలర్ దగ్గర, పంపు దగ్గర, పని జరిగే జిల్లా దగ్గర ఒక్కో ఫోను. పైన ఎక్స్ఛేంజీ నిలబడిపోతే కిందివన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయిన రోజు ఇక్కడి పాతవాళ్లెవరూ మరిచిపోరు. అలాంటి ఘడియలో ఒక్కో నిమిషం విలువ ఎంతో ఈ ఊరికి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. అమెరికాలో 2006 జనవరిలో సాగో గని ప్రమాదంలో 12 మంది చనిపోయాక, అదే ఏడాది అక్కడి ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ప్రమాదం తర్వాత కూడా లోపలివాళ్లతో మాట్లాడేందుకు వైర్‌లెస్ ఏర్పాటు ఉండాలని, ఎవరు ఎక్కడున్నారో పైన తెలియాలని నిబంధన పెట్టింది.

గనుల్లో అయినా, ఆసుపత్రిలో అయినా, అగ్నిమాపక కేంద్రంలో అయినా సంగతి ఒకటే. ఫోను ఎందుకు ఆగిందో తెలియకుండా తిరిగి నడిపిస్తే, అది మళ్లీ ఏ రాత్రి ఆగుతుందో ఎవరికీ తెలియదు.

కళ్లతో చూసే రోజులు

పాత తరం టెక్నీషియన్లకు ఈ బాధ ఇంతగా లేదు. అమెరికాలో శవపేటికల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన 1891లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీకి పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతిలోని ఎక్స్ఛేంజీలు మన దేశంలో కూడా దశాబ్దాల పాటు నడిచాయి. మీరు ఒక అంకె తిప్పితే అక్కడ ఇనుప చెయ్యి అన్ని మెట్లు ఎక్కేది. గదినిండా టకటకమని చప్పుడు. ఒక కాల్ మధ్యలో ఇరుక్కుంటే ఏ చెయ్యి ఎక్కడ ఆగిందో కళ్లకు కనిపించేది. ఒక ర్యాకు నుంచి ఇంకో ర్యాకుకు తీగ వెంట నడిచి, ఎవరు ఎవరికి చేశారో పట్టుకునేవారు. బెదిరింపు కాల్స్ వచ్చినప్పుడు పోలీసులు 'కాల్ ట్రేస్ చేయండి' అంటే అర్థం అక్షరాలా అదే. కాలినడకన వెతకడం.

తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. మన దేశానికి సంబంధించి పెద్ద మలుపు సీ-డాట్. 1984 ఆగస్టులో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థ, పల్లెల కోసం 128 పోర్టుల చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేసి 1986 జులైలో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టింది. ఏసీ లేకుండా, మన ఎండకీ దుమ్ముకీ తట్టుకుని నడిచేలా దాన్ని రూపొందించారు. ఊరూరికీ ఫోను వెళ్లడంలో ఆ పెట్టె పాత్ర చాలా పెద్దది.

కొత్త యంత్రాల్లో చప్పుడు లేదు, కదిలే చెయ్యి లేదు. అంతా చిప్పుల్లో, ప్రోగ్రాముల్లో ఉంటుంది. ఆగిపోతే ముందు ప్యానెల్ మీద ఒక ఎర్ర దీపం వెలుగుతుంది. ఒక్కోసారి అదీ వెలగదు. పచ్చ దీపాలన్నీ హాయిగా మిణుకుమంటూనే ఉంటాయి, ఫోనెత్తితే మాత్రం టోన్ ఉండదు. లోపల ఏం జరిగిందో చూడాలంటే యంత్రమే చెప్పాలి. మనం అడగాలి. అడిగే పద్ధతులు రెండు.

ఒకటి రిజిస్టరు, ఇంకొకటి బల్ల

బాయి మీద మస్టర్ పుస్తకం ఉంటుంది కదా. ఎవరు ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి ఎక్కారు అని వరుసగా రాసి ఉంటుంది. ట్రేస్ అలాంటిదే. ఎక్స్ఛేంజీకీ బయటి లైనుకీ మధ్య నడిచిన ప్రతి మాట, సెకనులో వెయ్యో వంతు లెక్కతో సహా అందులో ఉంటుంది. యంత్రాలు మాట్లాడుకునేది మనం మాట్లాడుకున్నట్టే. 'ఫలానా నంబరు కావాలి' అంటుంది ఒకటి. 'చూస్తున్నా' అంటుంది రెండోది. 'మోగుతోంది', 'ఎత్తారు', 'పెట్టేశారు', 'సరే'. ఇంతే.

కంపెనీల్లో ఎక్కువగా కనిపించే పీఆర్ఐ లైనునే తీసుకోండి. ఒకే జత తీగల మీదో ఫైబర్ మీదో 32 కాలువలు ఉంటాయి. 30 కాలువల్లో జనం మాటలు పోతాయి. ఒకటి రెండు యంత్రాల గడియారాలను కలిపి ఉంచడానికి. 16వ నంబరు కాలువలో పైన చెప్పిన యంత్రాల సంభాషణ నడుస్తుంది. ట్రేస్ తీసేది ఆ 16వ కాలువ మీదే. కాల్ తెగిన ప్రతిసారీ కారణం ఒక అంకెలో ఉంటుంది. 16 అంటే మామూలుగా పెట్టేశారని. 17 అంటే అవతలివాళ్లు బిజీ. 34 అంటే ఖాళీ కాలువ దొరకలేదని. 41 అంటే తాత్కాలిక వైఫల్యం. 'ఫోన్లు కట్ అయితున్నయ్ సార్' అనే ఫిర్యాదుకు అర్థం ఈ అంకె చూస్తే తప్ప తేలదు. లోపం మన పెట్టెదా, లైను ఇచ్చిన కంపెనీదా అనే గొడవ కూడా అక్కడే తేలుతుంది. ఇంటర్నెట్ మీద నడిచే కొత్త ఫోన్లకైతే వైర్‌షార్క్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఇదే పని చేస్తాం.

ఇక మెమరీ డంప్. బల్ల ముందు కూర్చుని పనిచేస్తున్న గుమాస్తా ఉన్నట్టుండి బిగుసుకుపోయాడనుకోండి. అతనితో మాట్లాడలేం. కానీ బల్ల మీద ఏ కాగితాలున్నాయి, ఏ ఫైలు తెరిచి ఉంది, పెన్ను ఏ వరుస దగ్గర ఆగింది అని ఉన్నది ఉన్నట్టు ఫొటో తీస్తే సగం సంగతి తెలిసిపోతుంది. డంప్ అంటే ఆ ఫొటో. స్విచ్చు నొక్కి మళ్లీ నడిపించడమంటే బల్ల మీదున్నదంతా ఊడ్చి చెత్తబుట్టలో వేసి, కొత్త గుమాస్తాను కూర్చోబెట్టడం. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదేదీ మిగలదు.

పాతవాళ్లు దీన్ని 'కోర్ డంప్' అంటారు. 1950ల నుంచి 70ల దాకా కంప్యూటర్ల జ్ఞాపకశక్తి చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాల్లో ఉండేది. వాటి పేరు కోర్లు. ఉంగరాలు పోయి చాలా కాలమైంది, పేరు మాత్రం మిగిలింది.

చాలా ఎక్స్ఛేంజీల్లో వాచ్‌డాగ్ అని ఒక చిన్న కాపలా సర్క్యూట్ ఉంటుంది. ప్రధాన ప్రోగ్రాము 'నేను బతికే ఉన్నా' అని దానికి ఎప్పటికప్పుడు చెబుతుండాలి. చెప్పకపోతే కాపలాదారు తనంతట తానే రీస్టార్ట్ చేస్తాడు. మంచి యంత్రాలు ఆ పని చేసే ముందు ముఖ్యమైన నాలుగు ముక్కలు ఫ్లాష్ మెమరీలో దాస్తాయి. కొన్నింట్లో అలా దాచే చోటు ఒక్కటే. మీరు తొందరపడి ఇంకోసారి, మరోసారి రీస్టార్ట్ చేస్తే ఆ దాచిన ముక్కల మీద కొత్తవి పడి అసలువి పోవచ్చు.

తొమ్మిది రోజుల జబ్బు

ఈ ప్రాంతంలోనే ఒక ఆసుపత్రి. పేరు అక్కర్లేదు. లోపల రెండొందల ఫోన్లు. రాత్రిపూట వార్డులోంచి సిస్టర్ డ్యూటీ డాక్టరును పిలవాలన్నా, ఆపరేషన్ థియేటర్‌కి రక్తం తెప్పించాలన్నా అవే ఆధారం. కొత్త యూపీఎస్ పెట్టిన నెల నుంచి ఎక్స్ఛేంజీ అప్పుడప్పుడు బిగుసుకుపోవడం మొదలైంది. దీపాలన్నీ వెలుగుతాయి, టోన్ రాదు. రాత్రి అయితే వాచ్‌మన్ పోయి స్విచ్చు నొక్కుతాడు. ఏడు నిమిషాల్లో ఫోన్లు మోగుతాయి. ఆ ఏడు నిమిషాలు, అంతకు ముందు ఎవరూ గమనించని అరగంటా, సిస్టర్లు మెట్లెక్కి దిగి పరుగెత్తాల్సిందే.

యూపీఎస్ పెట్టాకే వచ్చింది కాబట్టి అందరూ యూపీఎస్‌నే అనుమానించారు. దాన్ని మార్చారు. పోలేదు. పవర్ సప్లై కార్డు మార్చారు. పోలేదు. దుమ్మన్నారు, ఎర్తింగ్ అన్నారు, కొత్త రాగి కడ్డీ పాతారు. నన్ను పిలిచేసరికి ఇవన్నీ అయిపోయాయి.

నేను మొదట అడిగింది ఎప్పుడెప్పుడు ఆగిందో తారీఖులు. రాసిపెట్టినవాళ్లు లేరు. రాత్రి వాచ్‌మన్‌గా ఉన్న పెద్దాయనకు మాత్రం గుర్తుంది. 'మొన్న అమాస నాడు ఆగింది సారూ. అంతకు ముందు మా మనుమని బారసాల తెల్లారి' అన్నాడు. క్యాలెండర్ పెట్టుకుని లెక్కేస్తే మధ్యలో తొమ్మిది రోజులు. ఇంకా రెండు వేళలు ఇలాగే దొరికాయి. ఒకటి తొమ్మిది, ఒకటి పది. ఎండకు, పిడుగుకు ఇంత క్రమం ఉండదు.

'కాకా, ఈసారి ఆగితే స్విచ్చు ముట్టకు. నాకు ఫోన్ చెయ్' అన్నాను.

'బంద్ జేసి చాలు జేస్తే అయితది గద సారూ. మీరు వచ్చేదాంక పేషంట్ల గతేంది?'

న్యాయమైన ప్రశ్న. డంప్ తీయడం గురించి మాట్లాడే ఇంజినీర్లు చాలామంది దీనికి జవాబు చెప్పకుండా దాటేస్తారు. మా జవాబు ఇది. అంతస్తుకొకటి చొప్పున నాలుగు మామూలు సెల్‌ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టించాం. డ్యూటీ డాక్టరు నంబరు, బ్లడ్ బ్యాంకు నంబరు పెద్ద అక్షరాలతో వాటి వెనక అతికించాం. ఎక్స్ఛేంజీ గదిలో ఒక పాత ల్యాప్‌టాప్‌ను సీరియల్ తీగతో మెయింటెనెన్స్ పోర్టుకు కలిపి ఉంచాం. వచ్చేదంతా ఫైల్లో రాసుకునేలా పెట్టాం. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు రాత్రి నేను అక్కడికి దగ్గర్లోనే ఉంటానని మాటిచ్చాను.

తొమ్మిదో రోజు రాత్రి రెండు నలభైకి కాక ఫోన్ చేశాడు. 'ఆగింది సారూ. నేను ముట్టలే.' పదిహేను నిమిషాల్లో అక్కడున్నాను. సెల్‌ఫోన్లు అప్పటికే సిస్టర్ల చేతుల్లో ఉన్నాయి.

ల్యాప్‌టాప్‌లో ఎంటర్ నొక్కితే ప్రాంప్ట్ వచ్చింది. అంటే యంత్రం చావలేదు, కాల్స్ చూసే భాగం మాత్రమే ఆగింది. మెమరీ మొత్తం తీయాలంటే ఆ పాత సీరియల్ తీగ వేగానికి ముప్పావు గంట పడుతుంది. ఆసుపత్రిలో అంతసేపు కుదరదు. కాబట్టి ముందు మెమరీ లెక్క అడిగాను. ఖాళీ: సున్నా. ఏ పని ఎక్కడ ఆగిందో జాబితా తీశాను. తర్వాత నిండిపోయిన ప్రాంతంలో మొదట, మధ్య, చివర మూడు చోట్ల 32 కిలోబైట్ల ముక్కలు తీశాను. ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకు. మొత్తం పదకొండు నిమిషాలు. అప్పుడు స్విచ్చు నొక్కాను.

డంప్‌లో ఎడమవైపు అంకెలు, అక్షరాలు గందరగోళంగా ఉంటాయి. కుడివైపు మనిషి చదవగలిగే అక్షరాలుంటే కనిపిస్తాయి. ఆ కుడివైపు చూస్తే తారీఖు, టైము, ఏ ఫోను, ఏ నంబరు. తారీఖు, టైము, ఏ ఫోను, ఏ నంబరు. మూడు ముక్కల్లోనూ అదే. మెమరీ నిండా కాల్ రికార్డులే! మొదటి ముక్కలో తొమ్మిది రోజుల కిందటి కాల్స్, చివరి ముక్కలో ఆ రాత్రివి.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఎక్స్ఛేంజీ ప్రతి కాల్ వివరాన్ని ఒక తీగ ద్వారా బిల్లింగ్ కంప్యూటరుకు పంపేది. కొన్నాళ్ల కింద ఆ కంప్యూటర్ పాతబడిందని తీసి స్టోర్‌రూములో పెట్టారు. తీగ మాత్రం గోడ వెంట వేలాడుతోంది. ఎక్స్ఛేంజీకి ఆ సంగతి తెలియదు. అవతల ఎవరో 'సిద్ధం' అంటారని ఎదురుచూస్తూ రికార్డులన్నీ పోగేసుకుంటూ కూర్చుంది. రోజుకు సుమారు 1,100 కాల్స్. చోటు సుమారు 10,000 రికార్డులకు. తొమ్మిది రోజులకు గోతం నిండి, కొత్త కాల్‌కు చోటు లేక ఆగిపోయింది.

మరి యూపీఎస్ పెట్టాకే ఎందుకు మొదలైంది? అంతకు ముందు మూడు నాలుగు రోజులకోసారి కరెంటు పోయి ఎక్స్ఛేంజీ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. గోతం నిండకముందే ఖాళీ అయ్యేది. మంచి యూపీఎస్ వచ్చి కరెంటు కోతను ఆపేసరికి, దాగి ఉన్న జబ్బు బయటపడింది. పాపం, నిందంతా యూపీఎస్ మోసింది.

ఆ పోర్టుకు రికార్డులు పంపడం ఆపమని ఒక్క ఆదేశం ఇచ్చాం. ఒక్క రూపాయి ఖర్చు లేదు. మళ్లీ ఆ జబ్బు రాలేదు. డంప్ ముక్కల్ని తయారీదారుకు కూడా పంపాం. చోటు నిండితే పాత రికార్డులు వదిలేసేలా తర్వాతి సాఫ్ట్‌వేర్‌లో మార్చారు.

రీస్టార్టే రోగమైన రోజు

రీస్టార్ట్ అన్ని జబ్బులకూ మందు అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ దూరప్రాంతాల ఫోన్ల వ్యవస్థ సుమారు తొమ్మిది గంటలు కుప్పకూలింది. కోట్ల కాల్స్ కలవలేదు. న్యూయార్క్‌లోని ఒక ఎక్స్ఛేంజీలో చిన్న ఇబ్బంది వచ్చి, అది కొన్ని సెకన్లు ఆగి, తనంతట తానే రీస్టార్ట్ అయ్యింది. అక్కడి వరకు అంతా పద్ధతి ప్రకారమే. తిరిగి లేచాక పక్క ఎక్స్ఛేంజీలకు కాల్స్ పంపడం మొదలుపెట్టింది. 'ఇది మళ్లీ పనిలోకి వచ్చింది' అని అవి తమ పుస్తకంలో రాసుకుంటుండగానే, సెకనులో వందో వంతు లోపల రెండో సందేశం వస్తే, ఆ రాత తప్పిపోయేది. దాంతో అవి కూడా రీస్టార్ట్ అయ్యేవి. లేచి తమ పక్కవాటికి అదే అంటించేవి. అలా దేశమంతా ఉన్న 114 పెద్ద ఎక్స్ఛేంజీలు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ పోయాయి.

ఇంజినీర్లు మొదట సందేశాల రద్దీ తగ్గించి వ్యవస్థను నిలబెట్టారు. తర్వాత నెల కిందట అన్ని చోట్లా ఎక్కించిన కొత్త సాఫ్ట్‌వేర్‌లో, సీ భాషలో రాసిన ఒక భాగంలో, 'బ్రేక్' అనే ఒక్క మాట ఉండకూడని చోట ఉందని పట్టుకున్నారు. యంత్రాలు ఏ క్షణంలో ఏం చేశాయో రికార్డు లేకపోతే ఆ ఒక్క మాటను ఎవరు కనిపెట్టగలరు?

మీ చేతిలో ఎక్స్ఛేంజీ ఉంటే...

సంస్థల్లో ఈ పెట్టెలు చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఈ పత్రిక చదువుతారు. వాళ్ల కోసం వరుస క్రమం ఇది.

1. మొదట టైము రాయండి. మీ చేతి గడియారం టైము, ఎక్స్ఛేంజీ చూపించే టైము రెండూ. రెండింటికీ తేడా ఉంటే, రేపు లైను కంపెనీ ట్రేస్‌తో పోల్చేటప్పుడు ఈ ఒక్క అంకే మిమ్మల్ని కాపాడుతుంది.

2. దీపాలన్నీ కనిపించేలా ఫొటో తీయండి. ఏ కార్డు మీద ఏ రంగు వెలుగుతోంది, ఏది మిణుకుమంటోంది అన్నది వీడియోలో అయితే ఇంకా మేలు.

3. కార్డులు పీకకండి, తీగలు కదపకండి. మెయింటెనెన్స్ పోర్టుకు కలిసి, వచ్చే ప్రతి అక్షరాన్నీ ఫైల్లోకి పంపండి. తెర మీద చూసి గుర్తుపెట్టుకుందాం అనుకోవద్దు.

4. త్వరగా వచ్చేవి ముందు తీయండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎన్ని రోజులుగా నడుస్తోంది, అలారాల చరిత్ర, ఖాళీ మెమరీ, నడుస్తున్న పనుల జాబితా. వీటికి రెండు మూడు నిమిషాలు చాలు.

5. తర్వాత డంప్. మొత్తం తీసే సమయం లేకపోతే అనుమానం ఉన్న భాగం తీయండి. ఫ్లాష్‌లో దాచిన పాత డంప్ ఉంటే దాన్ని మొదట బయటికి కాపీ చేయండి.

6. నడుస్తున్న యంత్రం మీద ట్రేస్ పెట్టేటప్పుడు జాగ్రత్త. అన్ని లైన్లకూ, అన్ని వివరాలతో ట్రేస్ పెడితే ఆ బరువుకే ఎక్స్ఛేంజీ కూలిపోతుంది. ఒక్క లైనుకో, ఒక్క నంబరుకో పరిమితం చేయండి. పని కాగానే ఆపేయండి. ఆపడం మర్చిపోయి వెళ్లిన ట్రేస్‌లు కొత్త జబ్బులకు కారణమవడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే.

7. రీస్టార్ట్ చేశాక, అది లేచేటప్పుడు తెర మీద వచ్చే మాటల్ని కూడా ఫైల్లో ఉంచండి. అసలు సంగతి ఒక్కోసారి అక్కడే ఉంటుంది.

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు వీటన్నింటినీ పక్కన పెట్టి స్విచ్చు నొక్కాల్సిందే, అందులో రెండో మాట లేదు. అప్పుడు కూడా టైము రాయడానికీ, ఒక ఫొటో తీయడానికీ అర నిమిషం చాలు.

అందులో జనం గుట్టు ఉంటుంది

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ట్రేస్ అంటే ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారన్న చిట్టా. ఇంటర్నెట్ ఫోన్లలో అయితే, తాళం వేయని లైను మీద మాటలు కూడా వినవచ్చు. బ్యాంకుకు ఫోన్ చేసి నొక్కిన పిన్ అంకెలు కూడా అందులో పడతాయి. డంప్‌లో ఎక్స్ఛేంజీ పాస్‌వర్డులు దొరకవచ్చు. ఒక కార్మికుడు యూనియన్ ఆఫీసుకు ఎన్నిసార్లు చేశాడో, ఒకమ్మాయి రాత్రిపూట ఎవరితో మాట్లాడిందో తెలుసుకోవాలని ఆశపడేవాళ్లకు అది పండగ.

అందుకే నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. ట్రేస్ తీసే ముందు ఆ సంస్థ అధికారి చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాను. పని అయ్యాక ఫైలు వాళ్ల సమక్షంలో చెరిపేస్తాను. తయారీదారుకు పంపేటప్పుడు జబ్బుకు సంబంధం లేని నంబర్లు తీసేస్తాను. వాట్సాప్ గ్రూపులో 'ఎవరైనా చూడండన్నా' అని పడేసేవాళ్లను చూశాను. అది మన ఇంటి తాళంచెవి చౌరస్తాలో వేలాడదీయడమే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తర్వాత సంస్థలు కూడా ఈ విషయంలో నిద్ర నటించే వీలు లేదు.

ఆ పది నిమిషాలు ఎవరిస్తారు?

ట్రేస్ తీయడం, డంప్ తీయడం నేర్చుకోవడం కష్టమేమీ కాదు. ఆరు నెలల్లో వస్తుంది. అసలు కష్టం ఫోన్లు ఆగి ఉన్నప్పుడు పది నిమిషాలు ఆగనిచ్చే మనుషుల్ని సంపాదించడం. పైనుంచి మేనేజర్ అరుస్తుంటాడు, కింద నుంచి జనం అరుస్తుంటారు. ఆ ఒత్తిడిలో టెక్నీషియన్ చెయ్యి స్విచ్చు మీదికి పోతుంది. అతని తప్పు కాదది. ఆ పది నిమిషాలు అతనికి ముందే ఇచ్చి ఉండాలి. అంటే ఫోన్లు ఆగినప్పుడు వాడుకోవడానికి వేరే దారి ముందే సిద్ధంగా ఉండాలి.

ఇందుకు కావాల్సింది ఒక పాత ల్యాప్‌టాప్, ఒక సీరియల్ తీగ, నాలుగు మామూలు సెల్‌ఫోన్లు, ఒక నోటు పుస్తకం. ఎక్స్ఛేంజీ గది తలుపు మీద ఒక కాగితం అతికించండి. ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఈలోగా ఏ ఫోన్లు వాడాలి, ఎవరు చెప్పాక స్విచ్చు నొక్కాలి. మూడే వరుసలు, తెలుగులో, పెద్ద అక్షరాలతో. రాత్రి డ్యూటీలో ఉండే వాచ్‌మన్ చదవగలిగేలా.